అరవైమంది పెళ్లికి కొత్వాల్‌గూడ వెళ్లొచ్చాం

తిరిగొచ్చి ఇన్ని రోజులైనా మా వీధిలో ఆపి అడిగేవాళ్లు తగ్గలేదు. "అమ్మాయి పెళ్లి హైదరాబాదులో చేసేశారటగా, మాకు ఒక్క మాటైనా చెప్పలేదు!" అని నిష్ఠూరం. చెప్పలేదు, నిజమే. చెప్పొద్దని పెళ్లికూతురి ఆర్డరు. అందుకే పెళ్లికి రానివాళ్ల కోసం ఇదంతా కూర్చుని రాస్తున్నాను. చదివాక కూడా మూతి ముడుచుకుంటే ఇక నా వల్ల కాదు.

పెళ్లికూతురు హేమ మా అక్క రాజ్యం కూతురు. మా బావగారు సుబ్బారావుగారు హేమ చిన్నపిల్లగా ఉండగానే పోయారు. పిల్లని అక్క ఒంటిచేత్తో పెంచింది. హేమ ఇప్పుడు శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికుల సామాను తూచి టికెట్లు చూసే కౌంటర్లో పనిచేస్తుంది. అక్కడే సరుకుల విభాగంలో ఉన్న శ్రీకాంత్‌ని ఇష్టపడింది. వాళ్లది పక్కనే కొత్వాల్‌గూడ, వ్యవసాయం ఇల్లు. కుర్రాడు బుద్ధిమంతుడు, ఎవరికీ అభ్యంతరం లేదు. పేచీ అంతా పెళ్లి దగ్గరే వచ్చింది.

అక్కకి తెనాలిలో కల్యాణమండపం కావాలి, వెయ్యిమంది కావాలి, నాదస్వరం కావాలి. హేమేమో అబ్బాయి వాళ్ల మామిడితోటలో, అరవైమందితో, వేసవి సెలవు దొరికినప్పుడు చేసుకుంటానంది. చివరికి అక్క ఒప్పుకుంది. రెండో మాటకి మాత్రం ససేమిరా అంది. ఆ రెండో మాట ఏమిటంటే, కన్యాదానం అమ్మే చెయ్యాలని హేమ కోరిక. భర్త పోయినావిడ పీటల మీద కూర్చోవడం మా ఇళ్లల్లో ఎప్పుడూ లేదు. చెల్లెలూ మరిదీ, అంటే నేనూ మావారూ కూర్చోవాలని ఎవరూ అనుకోకుండానే నిర్ణయమైపోయింది. "ఇంకోసారి ఆ మాటెత్తితే నేను పెళ్లికే రాను" అని అక్క ఫోను పెట్టేసింది.

తెనాలి నుంచి బండెక్కి

పగటి బండికి బయల్దేరాం. ముగ్గురు మనుషులం, ఏడు సామాన్లు. అందులో నాలుగు సారె డబ్బాలే: అరిసెలు, సున్నుండలు, కజ్జికాయలు, లడ్డూలు. ఎండాకాలం సున్నుండలొద్దే, నెయ్యి కారిపోతుందే అని నేను మొత్తుకున్నా అక్క వినలేదు. మిర్యాలగూడ దాటేసరికి డబ్బా మూత సందులోంచి నెయ్యి కారి మావారి సంచీ మీద పడింది. ఆ సంచీలోనే కన్యాదానానికని ప్రత్యేకంగా ఇస్త్రీ చేయించుకున్న పట్టుపంచె ఉంది. ఆయన ముఖం చూడాలి! పంచె అంచుకి నెయ్యి మరకైంది. దారంతా టాల్కం పౌడరు చల్లుతూనే కూర్చున్నారు.

ఎదుటి సీట్లో ఒకావిడ నల్గొండ దిగాల్సిన మనిషి. మాకు తాటిముంజలు పెట్టింది. వద్దంటే ఊరుకోలేదు. "తినుండ్రి వదినె, కడుపు సల్లగుంటది" అని అక్క చేతిలో కూడా పెట్టింది. అక్క తెనాలి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు, ముంజలు మాత్రం తింది. నాకు ప్రాణం లేచొచ్చింది. తిండి మీద కోపం చూపించనంతకాలం మా అక్కతో ఫరవాలేదు.

అత్తాపూర్‌లో మల్లెపూలు

హేమ అత్తాపూర్‌లో అద్దెకుంటుంది. దాన్ని అక్కడ కిరాయి అంటారు. కిటికీ తీస్తే ఎదురుగా ఎక్స్‌ప్రెస్ వంతెన, దాని మీద విమానాశ్రయానికి ఉరికే కార్లు. పెళ్లి ఎల్లుండి అనగా పెళ్లికూతురు ఇంట్లో ఎలా ఉండాలి? చాపలు, పసుపు, చుట్టాలు, అరుపులు. ఈ ఇంట్లో హేమ పైజమా వేసుకుని బట్టలు ఆరేస్తోంది. "రా పిన్నీ, టీ తాగుతావా?" అంది, ఏదో ఆదివారం చూడ్డానికి వచ్చినట్టు. అక్క చుట్టూ చూసి, "ఇది పెళ్లిల్లా?" అని ఒక్క మాట అని వంటింట్లోకి పోయి పప్పు నానబోసింది.

సాయంత్రం పూలకి వెళ్లాం. మల్లెపూలు మూర నలభై! మా ఊళ్లో ఇరవై. పైగా ఆ పూలమ్మాయి చిన్న చెయ్యి చాచి మూర కొలుస్తుంటే నేను ఊరుకుంటానా? నా చెయ్యి చాచి చూపించాను. ఆ అమ్మాయి నవ్వి, "నీ చెయ్యితోని కొలిస్తే నేను దుకాణం బంజేసుకోవాలె అమ్మా. పెండ్లా? మరి ముందే చెప్పొద్దా!" అని ఇంకో మూర ఊరికే వేసింది. అక్క వెనక్కి జరిగి నిలబడింది. పూలు కొంటే నా కోసమని, హేమ కోసమని కొంది. పువ్వులమ్మాయి ఒక దండ తీసి అక్క వైపు చాచితే, "నాకొద్దమ్మా" అని చేతులు వెనక్కి పెట్టుకుంది.

కాటేదాన్‌లో టైరు

మర్నాడు మధ్యాహ్నం శ్రీకాంత్ స్నేహితుడు మల్లేష్ కారు తెచ్చాడు. హేమ స్నేహితురాళ్లతో ముందే వెళ్లిపోయింది. దారిలో కాటేదాన్‌లో స్టీలు గ్లాసులు తీసుకోవాలి. పెళ్లిలో ప్లాస్టిక్ గ్లాసు కనిపించకూడదని హేమ చెప్పిందట. కాటేదాన్ అంతా రేకుల షెడ్లు, కోత మిషన్ల మోత, గాలిలో ఇనుము వాసన. గ్లాసుల మూట డిక్కీలో పెట్టి కారు కదిలిందో లేదో, టైరు పంక్చరు. స్టెప్నీ చూస్తే అందులోనూ గాలి లేదు. మల్లేష్ తల పట్టుకుని, "పరేషాన్ కాకుండ్రి అమ్మా, గిప్పుడే వస్త" అని ఆ టైరు దొర్లించుకుంటూ వెళ్లిపోయాడు.

ఎండ నడినెత్తిన ఉంది. ఎదురుగా బీరువాలు తయారుచేసే షెడ్డు. దాని యజమాని, తెల్ల గడ్డం పెద్దాయన, మమ్మల్ని చూసి లోపలికి పిలిచాడు. కూలర్ ముందు మూడు కుర్చీలు వేయించాడు. ఒక కుర్రాడి చేత చిన్న గ్లాసుల్లో ఛాయ్ తెప్పించాడు. నిప్పులు చెరిగే ఎండలో వేడి ఛాయ్ ఏమిటి అనుకుంటాం గానీ, తాగాక నిజంగానే బాగుంది.

"ఏడికి పోతున్రు అమ్మా?" అన్నాడు పెద్దాయన.

"కొత్వాల్‌గూడ. పెళ్లికండీ" అన్నారు మావారు.

"మాషా అల్లా! ఎవరి పెండ్లి?"

మావారు నోరు తెరిచేలోగా అక్క నా వైపు చెయ్యి చూపించింది. "వీళ్ల అమ్మాయిది" అంది.

నేను ఛాయ్ గ్లాసు కింద పెట్టేశాను. ఆయన అక్కనే చూస్తూ, "మరి నువ్వేమైతవ్ బిడ్డా?" అన్నాడు.

"నేనా? ఊరికే తోడొచ్చాను" అంది అక్క.

ఒళ్లు మండిపోయింది నాకు. అక్కడే దులిపేద్దునేమో గానీ అక్క కళ్లు చూసి ఆగిపోయాను. అప్పుడు అర్థమైంది నాకు, వెయ్యిమంది పెళ్లి ఎందుకు అడిగిందో. వెయ్యిమందిలో అయితే ఏ వంటశాలలోనో, ఏ స్తంభం వెనకో నిలబడిపోవచ్చు. పెళ్లికూతురి తల్లి ఏదని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. అరవైమందిలో దాక్కోవడానికి చోటేది? నాకు చాలా బాధేసింది. దారంతా అక్క చెయ్యి పట్టుకునే కూర్చున్నాను. ఆవిడ, "ఏమిటే ఈ ఉక్కలో" అని విదిలించుకుంటూనే ఉంది.

తోటలో ఎదురుకోళ్లు

కొత్వాల్‌గూడ చేరేసరికి ఎండ వాలింది. హిమాయత్ సాగర్ వైపు నుంచి గాలి వస్తోంది. తోటలో మంచాలు వేసి ఉన్నాయి, చెట్లకి కాయలు దిగి ఉన్నాయి. మన బంగినపల్లిని వాళ్లు బేనిషాన్ అంటారు. నేను ఎన్నిసార్లు బంగినపల్లి అన్నా వాళ్లు అన్నిసార్లూ బేనిషాన్ అనే దిద్దారు. కాసేపటికొకసారి విమానం చెట్ల మీదుగా లేస్తుంది. అప్పుడు అందరూ మాట మధ్యలో ఆగి, అది పోయాక ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలుపెడతారు. మనకి కొత్త గానీ వాళ్లకి అది గుర్తు కూడా ఉండదు.

అక్కడి పెళ్లిళ్లలో ముందురోజు ఎదురుకోళ్లు జరుపుతారు. మగపెళ్లివారు అటు నుంచీ ఆడపెళ్లివారు ఇటు నుంచీ డప్పులతో వచ్చి సగం దారిలో కలుసుకోవాలి. పానకం ఇచ్చుకోవాలి, బుక్కాగులాలు అనే రంగుపొడి చల్లుకోవాలి, ఒకళ్లనొకళ్లు వెక్కిరించుకోవాలి. మన వైపు ఇంత సందడి లేదు, కాళ్లు కడిగి పానకం బిందెలు ఇచ్చేసి ఊరుకుంటాం.

అటు చూస్తే ముప్పైమంది. ఇటు మేం ముగ్గురం, హేమ స్నేహితులు ఆరుగురు. వాళ్లలో ఇద్దరు డ్యూటీ నుంచి నేరుగా యూనిఫాంలోనే వచ్చారు. శ్రీకాంత్ నాయనమ్మ నర్సమ్మగారు కర్ర పట్టుకుని ముందుకొచ్చి మమ్మల్ని లెక్కపెట్టినట్టు చూసింది.

"పిల్ల తరుపోళ్లు గింతేనా? గిట్లయితే మజా ఏముంటది?" అని వెనక్కి తిరిగి, "ఏయ్, జర సగంమంది ఇటు రాండ్రి! ఇయ్యాల్టికి మీరు పిల్ల తరుపు!" అని కేకేసింది.

అంతే, పదిహేనుమంది బిలబిలా వచ్చి మా వెనక నిలబడ్డారు. పెళ్లికొడుకు సొంత మేనత్త మా వైపు చేరి, సొంత మేనల్లుడినే "గీ పోరగానికి మా పిల్లనియ్యం పో!" అని తిట్టడం మొదలుపెట్టింది. నవ్వలేక చచ్చాం.

ఆ తర్వాత వరుసల ప్రకారం కలుసుకోవాలి. తల్లికి తల్లి ఎదురు రావాలి. శ్రీకాంత్ తల్లి యాదమ్మ పానకం చెంబు పట్టుకుని నిలబడింది. అక్క నన్ను వెనక నుంచి నెట్టింది. నేను వెళ్లి యాదమ్మ ముందు నిలబడ్డాను. ఆవిడ చెంబు ఇవ్వలేదు.

"నువ్వు గాదక్కా. తల్లి ఏది?" అంది.

అందరి చూపూ అక్క మీద పడింది. అక్క చీర కొంగు నిండుగా కప్పుకుని, "నేను రాకూడదమ్మా, మీకు తెలీదా" అంది మెల్లిగా.

యాదమ్మ అత్తగారి వైపు చూసింది. నర్సమ్మగారు కర్ర టకటకలాడించుకుంటూ తిన్నగా అక్క దగ్గరికి వచ్చింది. గుప్పెడు గులాలు తీసి అక్క రెండు బుగ్గలకీ రాసేసింది.

"ఏందమ్మా నీ కథ? నేను గూడ మొగడు లేనిదాన్నే. ఇరవై ఏండ్లాయె. నా మనుమని పెండ్లయితుంటె నేను ఇంట్ల మూలకు కూసోవాల్నా? నన్ను కూసోమనేటోడు ఎవడో చెప్పు, గీ కర్రతోని చెప్త!"

అక్క నవ్వింది, ఏడ్చింది. రెండూ ఒకేసారి చేసింది. యాదమ్మ వచ్చి కౌగిలించుకుని పానకం తాగించింది. నేను అదే అదనని అక్క చెవిలో, "మరి రేపు పీటల మీద?" అన్నాను.

"నోరుముయ్యవే. గులాలు వేరు, పీటలు వేరు. మన ఇంటా వంటా లేనిది నా పిల్లతో మొదలెట్టనా? రేపు దానికి కాస్త కాలు నొచ్చినా నా వల్లే అంటారు" అంది.

అదీ ఆవిడ భయం. పిల్లకి తన వల్ల ఏదైనా అవుతుందేమోనని! ఆ రాత్రి బగారన్నం, యాట కూర, పచ్చిపులుసు పెట్టారు. పెళ్లి ముందు మాంసమా అని మావారు మొదట ముఖం పెట్టి, తర్వాత మూడుసార్లు వడ్డించుకున్నారు.

పెళ్లిరోజు పొద్దున్న

ఇలాంటి పెళ్లి నేను చూడలేదు. పెళ్లికూతురు తల్లో పూలు పెట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, మంచం మంచం దగ్గరికీ వెళ్లి ఛాయ్ తాగారా అని అడుగుతోంది. పెళ్లికొడుకు నిచ్చెనెక్కి మామిడాకులు కోస్తున్నాడు. వీడియో కెమెరా లేదు, వేదిక లేదు. గంపలో కూర్చోబెట్టి మోసుకొస్తామంటే, "నా బరువు కౌంటర్లో తూస్తే అదనపు ఛార్జీ పడుతుంది పిన్నీ, నడిచే వస్తా" అంది హేమ.

ఒక చెట్టు కింద వేడివేడి పూరీలు, ఆలుగడ్డ కూర. మావారు ఆ చెట్టు చుట్టూ తిరుగుతున్నారు గానీ తినడానికి లేదు. కన్యాదానం చేసేవాళ్లు అది అయ్యేదాకా ఉపవాసం ఉండాలి కదా. ఆకలికి ఆగలేని మనిషి, "ముహూర్తం పదిన్నరకా, పదింపావుకా?" అని పంతులుగారిని రెండుసార్లు అడిగారు.

నేను అక్కకి నాలుగు పూరీలు పట్టుకెళ్లాను. "తలనొప్పిగా ఉందే, వద్దు" అంది. సరే, కాఫీ తీసుకెళ్లాను. వద్దంది. మామిడిపండు కోసిచ్చాను. అదీ వద్దంది. బండిలో కోపంగా ఉండి కూడా ముంజలు తిన్న మనిషి! తలనొప్పయితే కాఫీ ఎందుకొద్దంటుంది? అప్పుడు తట్టింది నాకు.

"అక్కా, నువ్వు ఉపవాసం ఉన్నావు కదూ?"

అక్క చేతిలో ఉన్న పూలదండ దారం లాగుతూ కూర్చుంది. "కన్నదాన్ని. పీటల మీద లేకపోతే మాత్రం ఉండకూడదా?" అంది.

ఇక ఆలోచించలేదు. గబగబా వెళ్లి పళ్లెం నిండా పూరీలు వేయించుకుని మావారి చేతిలో పెట్టాను.

"తినండి" అన్నాను.

"పిచ్చెక్కిందా నీకు? కన్యాదానం..."

"తింటారా, నోట్లో కుక్కనా?"

ముప్పై ఏళ్లుగా నాతో కాపురం చేస్తున్న మనిషి. నా ముఖం చూసి విషయం గ్రహించారు. పైగా ఆకలి. రెండు పూరీలు ఒకేసారి నోట్లో పెట్టుకున్నారు. నేనూ ఒకటి తిన్నాను. తిన్నాక తోటంతా వినపడేలా, "అయ్యయ్యో, చూశారా! మా ఆయనా నేనూ మర్చిపోయి టిఫిన్ తినేశాం! ఇక మేం పీటల మీద కూర్చోడానికి పనికిరాం!" అని అరిచాను.

అక్క లేచి నిలబడింది. "ఎంత పని చేశావే!" అంది. హేమ చేతిలో టీ గ్లాసు అక్కడే పెట్టేసి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, నన్ను కన్నది నువ్వు, పెంచింది నువ్వు. ఇవ్వాల్సింది కూడా నువ్వే. నాకేమైనా అవుతుందని భయమా? నువ్వు ఇవ్వకుండా వెళ్తేనే నాకు మంచి జరగదు" అంది. దానికీ కళ్లనిండా నీళ్లు.

పంతులుగారు కుర్రవాడు. తాళపత్రాలవైపు చూసినట్టు ఆకాశంలోకి చూసి, "తల్లిగారు ధార పోస్తే నాకేం అభ్యంతరం లేదమ్మా. వేరే ఇబ్బందుంటే పెద్దమనుషులు చెప్పాలె" అన్నారు. నర్సమ్మగారు కర్ర పైకెత్తింది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదని తేలిపోయింది.

పీటల మీద

అక్క కూర్చుంది. కొంగు నిండుగా కప్పుకుని, తల దించుకుని, తప్పు చేస్తున్నదానిలా కూర్చుంది. పక్కన ఖాళీ పీట. ఆ పీట తీసెయ్యమని ఎవరో అన్నారు. హేమ వద్దంది. దాని మీద తమలపాకులు, అక్షతలు పెట్టించింది.

పంతులుగారు మంత్రం అందుకున్నారు. అక్క చేతిలో చెంబు, చెంబు కింద హేమ చెయ్యి, దాని కింద శ్రీకాంత్ చెయ్యి. ఫలానా గోత్రంలో పుట్టిన కోటయ్యగారి మునిమనవరాలు, రామయ్యగారి మనవరాలు అని సంస్కృతంలో చెబుతూ పోతున్నారు. ఇంకొక్క పేరుంది. సరిగ్గా అప్పుడు చెట్ల మీద నుంచి విమానం లేచింది. పంతులుగారి పెదవులు కదిలాయి గానీ మాట మాకెవరికీ చేరలేదు. విమానం పోయేసరికి ఆయన ఆ పేరు దాటేసి ముందుకెళ్లిపోయారు. "ధార వదలండమ్మా" అన్నారు.

అక్క వదల్లేదు.

పంతులుగారు మళ్లీ చెప్పారు. అరవైమందీ చూస్తున్నారు. ముహూర్తం దాటిపోతుందేమోనని నా భయం. మళ్లీ భయపడిందా, లేచిపోతుందా అనుకున్నాను.

అక్క తలెత్తింది. తలెత్తి, నిన్నటి నుంచి ఎవరి ముందూ వినిపించనంత గట్టిగా మాట్లాడింది.

"పంతులుగారూ, మా ఆయన పేరు వినపడలేదు. మళ్లీ చెప్పండి."

"చెప్పిన్నమ్మా, విమానం..."

"విమానం పోయింది కదా. ఆయన పేరు ఇక్కడ అందరికీ వినపడాలి. అప్పుడే వదులుతాను."

పంతులుగారు గొంతు సవరించుకుని కోటయ్యగారి దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టారు. రామయ్యగారి పేరు అయింది. అప్పుడు ఆయన ఊపిరి బిగించి, తోట చివరిదాకా వినపడేలా, "సుబ్బారావు నామధేయస్య పుత్రీం!" అన్నారు.

అక్క పక్కనున్న ఖాళీ పీట వైపు ఒకసారి చూసి, చెంబు వంచింది.